పెట్టెలోని నాణేనికి ఫోనులో లెక్క

బేస్‌బాల్ కార్డులు పోగేసే అమెరికావాడికి ఇప్పుడు నోటుపుస్తకంతో పని లేదు. కార్డుని ఫోను కెమెరాకి చూపిస్తే చాలు. ఆటగాడెవరో, అచ్చేసిన కంపెనీ ఏదో, ఏ ఏడాదిదో, ఆ సెట్టులో దాని నంబరెంతో, ఈమధ్య అలాంటిది ఎంతకి అమ్ముడయిందో కాల్‌ఎక్స్, లూడెక్స్ లాంటి యాప్‌లు వరసగా చెప్పేస్తాయి. సెట్టు నిండటానికి ఇంకా ఏవి కావాలో కూడా లెక్క చూపించే యాప్‌లున్నాయి. 1952లో టాప్స్ కంపెనీ వేసిన మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకి పోయింది. అలాంటి దేశంలో ఇలాంటి యాప్‌లకి గిరాకీ ఉండటంలో వింత లేదు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు బేస్‌బాల్ కార్డు ఊసే ఉండదు. పోగేసే పిచ్చి మాత్రం మనవాళ్లకీ తక్కువేం కాదు. స్టాంపుల ఆల్బమ్‌లు, నాణేల డబ్బాలు, రంగం (రంగూన్) నుంచి తాతలు తెచ్చిన నోట్లు, ట్రంకు పెట్టె అడుగున కట్టకట్టిన పోస్టుకార్డులు, అగ్గిపెట్టె బొమ్మలు, బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వీటిని ఓ వరసలో పెట్టుకోడానికి ఫోను ఎంతవరకు అక్కరకొస్తుందన్నది ప్రశ్న. కొన్నిటికి బాగా, కొన్నిటికి అరకొరగా, కొన్నిటికి అసలు రాదు. ఆ తేడా ఎక్కడుందో చూడాలంటే యాప్ కంటే ముందు జాబితా సంగతి తెలియాలి.

అమెరికాలో జాబితా వేసే పని యాప్‌లకి చాలా ముందే జరిగిపోయింది. జెఫర్సన్ బర్డిక్ అనే ఆయన సిరక్యూస్‌లో ఓ ఫ్యాక్టరీ పనివాడు. కీళ్లజబ్బు మనిషి. సిగరెట్ పెట్టెల్లో, మిఠాయి పొట్లాల్లో వచ్చిన కార్డులన్నిటినీ పోగేసి, రకానికో అక్షరం, సెట్టుకో అంకె ఇచ్చి 1939లో జాబితా వేశాడు. 1909 నుంచి 1911 దాకా సిగరెట్లతో వచ్చిన ఆటగాళ్ల కార్డుల సెట్టుని లోకమంతా ఈనాటికీ ‘టీ206’ అంటుందంటే అది ఆయన పెట్టిన గుర్తే. మూడు లక్షలకి పైగా ఉన్న తన సేకరణని న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేసి, దగ్గర కూర్చుని తన చేత్తోనే ఆల్బమ్‌లలో అంటించి, 1963లో పోయాడు. ఇవాళ ఫోను కార్డుని గుర్తుపడుతోందంటే వెనక అలాంటి జాబితాలున్నాయి. కంపెనీలే కార్డు వెనక నంబరు అచ్చేయడం కూడా అలవాటయింది. కెమెరా చేసేదల్లా ఎదురుగా ఉన్న బొమ్మని ఆ జాబితాలో వెతకడం. జాబితా లేని వస్తువు ముందు ఎంత ఖరీదైన ఫోనయినా తెల్లమొహం వేస్తుంది.

ఈ కొలబద్దతో చూస్తే మన వస్తువుల్లో స్టాంపుకి అన్నిటికంటే బాగా జరుగుతోంది. లండన్‌లోని స్టాన్లీ గిబ్బన్స్ 1865 నుంచే ధరల జాబితాలు వేస్తోంది. ప్రతి దేశం స్టాంపుకీ నంబరుంది. ఫోను కార్డుల జాబితాగా మొదలై స్టాంపులకీ నాణేలకీ నోట్లకీ పాకిన కోల్‌నెక్ట్‌లో మన స్టాంపులు ఏడాదివారీగా దొరుకుతాయి. విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు నేర్పి, 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి శతజయంతికి 1993లో స్టాంపు వచ్చింది. అదే కళాశాలలో చదువుకున్న ఘంటసాలకి 2003లో వచ్చింది. ఈ రెండూ మీ దగ్గరుంటే ఏడాది పట్టుకుని వెతికి ‘ఉంది’ అని గుర్తు పెట్టుకోవచ్చు. దేనికైనా రెండో ప్రతి ఉంటే మార్పిడికి పెట్టుకోవచ్చు, లేనిదాన్ని కావలసినవాటిలో వేసుకోవచ్చు. మీ దగ్గర ఎక్కువైంది ఎవరికి కావాలో యాప్ తనే జత చూపిస్తుంది. పూర్వం ఈ పనంతా కలం స్నేహాల మీద, ఉత్తరాల మీద నెలల తరబడి సాగేది.

బడిపిల్లలకి ఇది కాలక్షేపం మాత్రమే కాదు. 2017లో తపాలా శాఖ మొదలుపెట్టిన దీన్‌దయాళ్ స్పర్శ్ పథకంలో 6 నుంచి 9 తరగతుల పిల్లలకి స్టాంపుల మీద క్విజ్, ప్రాజెక్టు పెట్టి, ఎంపికైనవాళ్లకి ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తారు. బడిలో ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) క్లబ్బు ఉండాలి, లేదంటే పిల్లవాడి పేర ఫిలాటెలీ డిపాజిట్ అకౌంట్ ఉండాలి. ప్రాజెక్టుకి కావలసింది ఒక విషయం చుట్టూ స్టాంపుల్ని పేర్చి చెప్పడం. యాప్‌లో సంగీతం, పక్షులు, రైళ్లు అని విషయంవారీగా వెతికే వీలుంది కాబట్టి ఏ స్టాంపులు సంపాదించాలో ముందే తెలిసిపోతుంది. ఈ ఒక్క పనికయినా మాస్టార్లు పిల్లల చేత యాప్ పెట్టించడం మంచిదే.

నాణేల దగ్గరికొస్తే పేరు చెప్పుకోవలసింది నుమిస్టా. 2007లో ఫ్రాన్స్‌లో మొదలైంది. ప్రతి రకం నాణేనికీ ఓ నంబరు, బరువు, వ్యాసం, ఏ ఏడాది ఏ టంకశాలలో కొట్టారో పట్టిక ఉంటాయి. రాసేది సేకర్తలే, సరిచూసేదీ వాళ్లలో అనుభవజ్ఞులే. అంతకుముందు అందరికీ ఆధారం 1972 నుంచి వచ్చిన క్రౌజ్, మిష్లర్ల లావుపాటి గ్రంథం. దాన్ని వేసే సంస్థ 2019లో దివాలా తీసింది. అందుకే ఇప్పుడు పుస్తకం కొనలేని పల్లెటూరి కుర్రాడికీ, పట్నంలో దుకాణదారుకీ ఒకటే ఆధారం మిగిలింది. నా మటుకు నాకు ఇది మంచి మార్పే.

అయితే ఫొటో తీయగానే చెప్పేస్తామనే యాప్‌లతో జాగ్రత్త. మన రూపాయి మీద ఏడాది అంకె కింద హైదరాబాద్ టంకశాలది అయితే నక్షత్రం, ముంబయిది అయితే వజ్రం ఆకారం, నోయిడాది అయితే చుక్క ఉంటాయి. కోల్‌కతాది అయితే ఏమీ ఉండదు. ఫొటో యాప్ రూపాయినీ ఏడాదినీ పట్టుకుంటుంది, ఆ చిన్న గుర్తుని వదిలేస్తుంది. పోగేసేవాడికి నాలుగూ నాలుగు వేరే నాణేలు. విక్టోరియా రాణి రూపాయిల్లో 1862 అని ఉన్నవి మరీ చిత్రం. ఆ అంకెని మార్చకుండానే తరవాత చాలా ఏళ్లు కొట్టారు. ఏ విడతదో పోల్చుకోడానికి వెనకవైపు చుక్కలు లెక్కపెట్టాలి. యాప్ ‘1862’ అని చెప్పి ఊరుకుంటుంది. భూతద్దం పట్టుకోవలసింది మనమే.

మర కొట్టిన నాణెం దగ్గర ఈమాత్రమైనా నడుస్తుంది. ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ 1794లోనూ 1797లోనూ ఇంగ్లండు బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో ఆవిరి యంత్రం మీద రాగి నాణేలు కొట్టించింది. రూపాయికి 48, రూపాయికి 96 అని వాటి మీదే ఇంగ్లీషులో ఉంటుంది. ఒకవైపు కంపెనీ డాలు, రెండోవైపు గుండె ఆకారంలో దాని సరుకు మూటల గుర్తు. అప్పట్లో చికాకోలు అనే శ్రీకాకుళం సంతల్లో చెల్లిన డబ్బు ఇది. అరిగిపోయి ఉన్నా సరే, దీన్ని ఏ యాప్ అయినా ఇట్టే పట్టేస్తుంది. అన్నీ ఒకే అచ్చులోంచి వచ్చాయి కాబట్టి.

అక్కడినుంచి వెనక్కి, కళింగనగరం దాకా వెళ్లండి. ఇప్పటి ముఖలింగం ప్రాంతం నుంచి ఏలిన తూర్పు గాంగుల ఫణం చిటికెనవేలి గోరు మీద పట్టేంత బంగారపు బిళ్ల. బరువు అర గ్రాముకి అటూ ఇటూ. ఒకవైపు పడుకున్న నంది. రెండోవైపు ‘స’ అనే అక్షరం, దానితో ఒక అంకె, అంకుశం లాంటి గుర్తు. ‘స’ అంటే సంవత్సరం, అంకె రాజు పాలనలో ఎన్నో ఏడో చెప్పేది. ఫొటో యాప్‌కి ఇది దక్షిణాది ఫణాల్లో ఏదో ఒకటి. నంది తల ఎటుందో చూస్తుంది, అక్షరాన్ని గీతల గుత్తిగా తీసుకుంటుంది. పోనీ మనమే యాప్‌లో నింపుదామంటే ‘సంవత్సరం’ అనే గడిలో ఏం వేస్తాం? అది క్రీస్తుశకం అడుగుతుంది. నాణెం మీదున్నది రాజు పేరు లేని పాలన సంవత్సరం.

దానిలోనూ ఇంకో మెలిక. గాంగుల అంక లెక్కలో 1 ఉండదు. పట్టాభిషేకం అయిన ఏడాదే 2. 6తో ముగిసే అంకెలు వదిలేస్తారు. 10 తప్ప సున్నాతో ముగిసేవీ వదిలేస్తారు. అంటే 19వ అంకం అని ఉంటే అది నిజానికి పాలనలో 16వ ఏడు. ఒడియా పంచాంగాల్లో పూరీ గజపతి పేర ఈ లెక్క ఇంకా నడుస్తోంది. ఏ యాప్ గడీ దీనికి తగ్గట్టు లేదు. అందుకే ఇలాంటి నాణేనికి ఉన్న పద్ధతి ఒక్కటే. ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి: ముందువైపు నంది కుడికి తిరిగి, వెనకవైపు ‘స’, పక్కన ఫలానా ఆకారంలో అంకె, బరువు ఇంత, అడ్డం ఇన్ని మిల్లీమీటర్లు. అర్థం చెప్పే పని పండితుడు వచ్చినప్పుడు చూసుకోవచ్చు. ఇప్పుడు ఊహించి ఏడాది వేసేస్తే రేపు దాన్ని చూసి ఇంకొకరు వేస్తారు.

నన్నడిగితే ఈ రెండు జిల్లాల్లో పోగేసేవాళ్లకి బంగారు ఫణం కంటే పెద్ద గని పోస్టుకార్డు. కొనక్కర్లేదు, అటక మీదే ఉంటుంది. యాప్‌లు అన్నిటికంటే ఎక్కువ తడబడేది కూడా ఇక్కడే, ఎందుకంటే తపాలా ముద్రలో ఉండేది ఊరు, ఆ ఊళ్లకి మన దగ్గర జిల్లా నిలకడగా ఎప్పుడూ లేదు.

శ్రీకాకుళం ముద్రనే తీసుకోండి. పాత కార్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘చికాకోల్’ అని ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా అది గంజాం జిల్లా. ఆ తరవాత విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం సొంత జిల్లా అయింది. ఆమదాలవలసలోని రైలు స్టేషను చికాకోల్ రోడ్, తరవాతి రోజుల్లో శ్రీకాకుళం రోడ్. ఆ ముద్ర పడిన కార్డు ఊళ్లో డబ్బాలో వేసింది కాదు, రైలు దగ్గరికెళ్లి ఇచ్చింది అనుకోవచ్చు. పార్వతీపురం కథ ఇంకా పొడుగు. ముందు విశాఖపట్నం జిల్లా, 1950 నుంచి శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1 నుంచి విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఊరు కదల్లేదు, జిల్లా మూడుసార్లు మారింది. యాప్‌లో ‘స్థలం’ అని ఒకటే గడి ఉంటుంది. దానిలో ఇవాళ్టి జిల్లా వేస్తే పాత కార్డు చెప్పే సంగతి పోతుంది. పాతది వేస్తే రేపు వెతికినప్పుడు దొరకదు.

ఈ తికమకే సేకర్తకి చేతికందిన ఆధారం కూడా. ముద్రలో తేదీ సిరా అలుక్కుపోయి చదవలేకుండా ఉందనుకోండి. చిరునామాలో ‘పార్వతీపురం, శ్రీకాకుళం జిల్లా’ అని ఉంటే ఆ కార్డు చాలావరకు 1950కీ 1979కీ మధ్యది. కింద 6 అంకెల పిన్ కోడ్ కూడా ఉంటే 1972 ఆగస్టు 15 తరవాతిది, ఎందుకంటే పిన్ పుట్టిందే ఆ రోజు. అంటే ఏడేళ్ల లోపలికి దిగింది. రాసినవాడు అలవాటు కొద్దీ పాత జిల్లా పేరే రాసి ఉండొచ్చు కాబట్టి కార్డు మీద అచ్చయిన స్టాంపు బొమ్మనీ, ధరనీ కూడా చూసి రూఢి చేసుకోవాలి. పిన్‌లోని మొదటి మూడంకెలు తపాలావాళ్ల సార్టింగు జిల్లావి, కలెక్టరు జిల్లావి కావు. అందుకే రాజాం 2022లో విజయనగరం జిల్లాలో కలిసినా, పాలకొండ మన్యం జిల్లాలోకి వెళ్లినా, రెండిటి పిన్‌కీ ముందు శ్రీకాకుళం 532 అలాగే ఉంది. జిల్లా పేరు మారినప్పుడల్లా జాబితా తిరగరాయక్కర్లేకుండా ఊళ్లని పిన్ వరసలో పెట్టుకోవడం నాకు నచ్చిన ఉపాయం. పిన్ లేని కాలపు కార్డుకి కూడా ఇవాళ్టి పిన్ పక్క గడిలో వేసుకుంటే సరిపోతుంది. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఆ పాత రిజిస్ట్రేషన్ చీటీలున్న కవర్లు మీ ఇంట్లో ఉంటే చింపి పారేయకండి.

రంగం నోట్ల సంగతి వేరు. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల్లో స్టీమరెక్కి బర్మా వెళ్లిన కుటుంబాలు ఇక్కడ ఊరూరా ఉన్నాయి. వాళ్ల పెట్టెల్లోంచి వచ్చే నోట్లు మూడు తరాలవి. ఆరో జార్జి బొమ్మతో, బర్మాలోనే చెల్లుతుందని రాసి ఉన్న రిజర్వు బ్యాంకు నోట్లు మొదటివి. 1947 దాకా బర్మాకి కూడా నోట్లు వేసింది మన రిజర్వు బ్యాంకే. రెండోవి జపాన్ ఆక్రమణ కాలంలో వేసినవి. వాటి మీద జపాన్ ప్రభుత్వం అని ఇంగ్లీషులో ఉంటుంది, నంబరుకి బదులు ‘బి’తో మొదలయ్యే అక్షరాలుంటాయి, బి అంటే బర్మా. యుద్ధం కాగానే చిత్తుకాగితాలయ్యాయి. మూడోవి 1964 మే నెలలో ఒక్కసారిగా రద్దయిన 50, 100 క్యాట్ల నోట్లు. ఇవన్నీ నుమిస్టాలో చక్కగా దొరుకుతాయి, రకం తేల్చుకోవడం నిమిషం పని. కాని యాప్ చెప్పలేనిది ఒకటుంది. జపాన్ నోటు ఉందంటే ఆ ఇంటివాళ్లు 1942లో అరకాన్ దారినో మణిపుర్ దారినో నడిచొచ్చినవాళ్లు కాకపోవచ్చు, అక్కడే చిక్కుకుని యుద్ధం అయ్యాక వచ్చినవాళ్లు అయ్యుండొచ్చు. ఆ నోట్లు చేతులు మారింది నడిచొచ్చినవాళ్లు బయల్దేరాక కదా. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ మాట అడిగి నోటు పక్కన రాసుకోండి. ఆ నోటుకి బజారులో పెద్ద ధరేం రాదు, దాని విలువంతా ఆ పక్కన రాసిన మాటలోనే.

బేస్‌బాల్ కార్డుకి అసలు వరస బంధువు మన క్రికెట్ బొమ్మ. 1980, 90లలో బిగ్ ఫన్ బబుల్‌గమ్ కొంటే ఆటగాడి బొమ్మ, వెనక కొన్ని పరుగులో వికెట్లో వచ్చేవి. అవి కూడబెట్టి బహుమతి తెచ్చుకునే ఆశతో బొమ్మలు తిరిగి ఇచ్చేశారు కాబట్టి మిగిలినవి తక్కువ. తరవాత టాప్స్ కంపెనీవే క్రికెట్ అటాక్స్ కార్డులు వచ్చాయి. నంబరు ఉంటుంది, యాప్‌కి సులువు. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్ విజ్జీ. ఆటగాడిగా ఆయన మీద ఎన్ని విసుర్లున్నా, 1930-31లో హాబ్స్‌నీ సట్‌క్లిఫ్‌నీ తన జట్టులో ఆడించిన మనిషి. అంత క్రికెట్ ఉన్న ఊళ్లో మ్యాచి టికెట్లు, సావనీర్లు దాచినవాళ్లు ఉండాలి. 2005 ఏప్రిల్ 5న విశాఖలో పాకిస్తాన్ మీద ధోని 148 కొట్టిన రోజు టికెట్టు ముక్క ఎవరిదగ్గరైనా ఉందా? ఇప్పుడు టికెట్టు ఫోనులోకే వస్తోంది, దాచుకోడానికి ముక్కే మిగలదు. దాని స్క్రీన్‌షాట్‌ని సేకరణ అనాలో వద్దో నేనింకా తేల్చుకోలేదు.

ఇక ధరల సంగతి. యాప్‌ల మీద నా అసలు ఫిర్యాదు ఇక్కడే. “మాస్టారండీ, యాప్‌లో కొడితే లచ్చ రూపాయలని సూపిత్తంది, ఎవులు కొంతారండీ?” అని పిల్లలు అడుగుతారు. చేతిలో ఉండేది ట్రాక్టరు బొమ్మ అయిదు రూపాయల నోటో, వైష్ణోదేవి నాణెమో, నంబరులో 786 ఉన్న నోటో. అమెరికా కార్డుల యాప్ చూపించే ధర నిజంగా జరిగిన అమ్మకాల నుంచి తీసింది. అక్కడ ఒకే కార్డు ఎన్నోసార్లు చేతులు మారుతుంది, పైగా దాని స్థితికి అంకె వేసి ప్లాస్టిక్‌లో మూసి ఇచ్చే సంస్థలున్నాయి. మన నాణేలకి ఫొటో యాప్‌లు చూపించే ధర చాలాసార్లు మచ్చలేని నాణేనికి విదేశీ వేలంలో పలికింది, లేదా ఎవరో అమ్మకానికి పెట్టి రాసుకున్నది. జేబులో అరిగిన నాణేనికి అది వర్తించదు. ఈ ఆశ చుట్టూ మోసాల బజారు పుట్టింది. పాత నోట్లు కొంటామని రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని కమీషన్లు, పన్నులు కట్టమంటున్నారని, తమకి అలాంటి లావాదేవీలతో సంబంధం లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. కొంటానన్నవాడు ముందు మిమ్మల్ని డబ్బు కట్టమన్నాడంటే అది మోసమే, వేరే ఆలోచన అక్కర్లేదు. మీ జాబితాలో ధర గడి పెట్టుకుంటే దానిలో మీరు కొన్న ధర, కొన్న తేదీ రాయండి. యాప్ చెప్పిన ధర రాయకండి.

చట్టం సంగతి యాప్‌లు అస్సలు చెప్పవు. వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించడం నేరం. నుమిస్టాలోనో కోల్‌నెక్ట్‌లోనో మార్పిడికి పెడితే ఫ్రాన్స్ నుంచో బ్రెజిల్ నుంచో ఎవరో స్నేహంగా అడుగుతారు. పై ఉత్తర సర్కారుల రాగి నాణేన్ని వాళ్లకి కవర్లో పెట్టి పంపారంటే చట్టం చేతికి చిక్కినట్టే. పాత నాణేలు దేశంలోపలే, అవి కూడా లెక్క చెప్పగలిగే మనిషి దగ్గరే. రెండోది, పొలం దున్నుతుంటేనో చెరువు తవ్వుతుంటేనో దొరికిన నాణేలు దొరికినంతమాత్రాన మీవైపోవు. 10 రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి చట్టం ఇంకా అమలులో ఉంది. శాలిహుండం, రామతీర్థం, ముఖలింగం, దంతవరపుకోట లాంటి చోట్ల మట్టిలోంచి ఏం వస్తుందో తెలియదు. అలా వచ్చినదాన్ని ఫొటో తీసి గ్రూపుల్లో తిప్పే ముందు తహసీల్దారుకి చెప్పడం మంచిది. ఇంట్లో ఉన్న మీ సొంత సేకరణ ఫొటోలకి కూడా ఫోను కెమెరాలో లొకేషన్ ఆపేసి పెట్టండి. లేదంటే ఫైలు పంపినప్పుడల్లా ఇంటి ఆచూకీ కూడా దానితో వెళ్లొచ్చు.

ఇంతా చెప్పాక ఏ యాప్ వాడమంటావని అడిగితే, నా సిఫార్సు ముందు ఉత్త పట్టిక. గూగుల్ షీట్స్ చాలు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో రాసుకోవచ్చు, తెలుగులో వెతికితే దొరుకుతుంది. మొదటి గడిలో మీ సొంత నంబరు వేయండి. నాణెం పెట్టిన కవరు మీద పెన్సిలుతో అదే నంబరు. నాణేల మీద, స్టాంపుల మీద ఏమీ రాయకండి. తరవాతి గడుల్లో వస్తువు, దాని మీద ఏముందో ఉన్నట్టుగా, కొలత, ఎవరి దగ్గర్నుంచి ఎప్పుడు వచ్చింది, ఏ పెట్టెలో ఏ అరలో ఉంది. నుమిస్టా నంబరో, కోల్‌నెక్ట్ లింకో దొరికితే చివరి గడిలో. అంటే ఆ యాప్‌లు మీ జాబితాకి తోక మాత్రమే, తల మీ దగ్గరే ఉంటుంది.

ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. కిటికీ పక్కన పొద్దుటి వెలుతురు, కింద తెల్లకాగితం, పక్కన పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు. నాణేన్ని కాస్త వాలుగా పెట్టి వెలుగు ఒక పక్కనుంచే పడేలా చూస్తే అరిగిన అక్షరాలు కూడా లేచి కనిపిస్తాయి. రెండువైపులా తీయండి, ఫైలు పేరులో సొంత నంబరు వేయండి. పోస్టుకార్డయితే ముద్ర ఒక్కటీ దగ్గరగా, మొత్తం కార్డు ఇంకోటి. కాగితం మీద రాసిన కబుర్లు ఇంటివి, అవి ఎవరికి చూపించాలో మీ ఇష్టం.

ఆ పట్టికని ఏడాదికోసారి దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఒక ప్రతి అచ్చు తీసి బీరువాలో పెట్టండి. గూగుల్ లాంటి సంస్థే తన ఫొటోల యాప్ పికాసాని 2016లో ఆపేసింది. చిన్న యాప్‌ల ఆయుష్షు ఎంతో చెప్పలేం. జాబితాని బయటకి దింపుకునే వీలు లేని యాప్‌ని, ఎంత ముచ్చటగా ఉన్నా, మొదటిరోజే వదిలేయడం మేలు. పైగా మనది సముద్రపు గాలి. స్టాంపు వెనక జిగురు వానాకాలంలో తనంతట తనే ఆల్బమ్‌కి అంటుకుంటుంది. మెత్తటి చవక ప్లాస్టిక్ కవర్లలో రాగి నాణేనికి పచ్చజిడ్డు పడుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులు ఇళ్లలోకి నీళ్లు తెచ్చినప్పుడు కాగితం తడిసినవాళ్లకి ఫొటో కూడా లేకపోతే ఏం పోయిందో చెప్పుకోడానికీ ఉండదు. పెట్టె ఇంట్లో ఉన్నా లెక్క ఇంకోచోట ఉండాలనేది అందుకే. పోగేసిన మనిషి పోయాక డబ్బా తెరిచే కొడుకుకో కూతురికో కూడా ఆ కాగితమే దారి. అది లేకపోతే తూకానికి అమ్ముతారు.

ఒక్క పని అడుగుతాను. మీ అటక మీది కట్టలో 1979కి ముందు పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు, చీపురుపల్లి ముద్రలున్న కార్డులుంటే, చికాకోల్ ముద్రలుంటే, రెండువైపులా ఫొటో తీసి ఊరు, తేదీ, చిరునామాలో ఉన్న జిల్లా, ఈ మూడూ రాసి పెట్టండి. ఊళ్లో నలుగురు అలా రాసినవి ఒక పట్టికలో చేరిస్తే ఉత్తరాంధ్ర తపాలా ముద్రలకి జాబితా మొదలవుతుంది. యాప్ చేసేవాళ్లు ఎవరైనా తరవాత దాన్ని తీసుకోవచ్చు.